రోగమును పసిగట్టే కృత్రిమ కణము

(నిజాంపట్నంలో సంఘ సభ్యుల కూటమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మీరు నాకిచ్చిన అంశము వినడానికి కొత్తగా ఉన్నది. "కృత్రిమ కణములతో అంటురోగములను కనిపెట్టుట" అని కాగితము మీద వ్రాసి ఇచ్చారు. వేదాంత కళాశాలలో చదివిన కాపరికి ప్రయోగశాలతో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. అయితే కాపరి తిరిగే ఇండ్లలో జ్వరము వచ్చిన ఇండ్లే ఎక్కువ. ఆ జ్వరమేమిటో తెలియక డబ్బు, కాలము, కొన్నిసార్లు ప్రాణము కూడ పోగొట్టుకొన్న కుటుంబములు మన మధ్యనే ఉన్నవి. కాబట్టి ఈ సంగతి మనకు సంబంధించినదే.

నేను చెప్పబోయేది ఒక్కటే మాట. మందు కంటె ముందు రోగమేదో తెలియాలి. కృత్రిమ కణమనేది ఆ తెలుసుకొనే పనిని పట్టణములోని ప్రయోగశాల నుండి మన గడప దాక తేవడానికి శాస్త్రజ్ఞులు తయారు చేస్తున్న సాధనము. అది మన గడపకు ఇంకా రాలేదు. వచ్చేలోపల మనమేమి చేయాలి, వచ్చిన తరువాత మనమెట్లు నడుచుకోవాలి అనేది కూడ చివర మనవి చేస్తాను.

జ్వరము ఒకటే, రోగములు అనేకము

వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే రోజులలో మన ప్రాంతమున ఇంటింటా జ్వరములు వస్తూ ఉంటవి. దోమకాటు వలన వచ్చే మలేరియా, డెంగ్యూ ఉన్నవి. చెడిన నీటివలన, తిండివలన వచ్చే టైఫాయిడ్ ఉన్నది. ఎలుకల మూత్రము కలిసిన నీటిలో, చేలలో, కాలువగట్ల మీద పనిచేసే వారికి వచ్చే ఎలుక జ్వరము ఉన్నది. దానిని డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. గడ్డిలో, పొదలలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడము వలన వచ్చే స్క్రబ్ టైఫస్ ఉన్నది. మొదటి రెండు మూడు దినములు వీటన్నిటి ముఖము ఒకటే. ఒళ్ళు కాలుతుంది, తల పగిలిపోతుంది, కీళ్ళు లాగుతవి.

ముఖము ఒకటైనా మందు ఒకటి కాదు. మలేరియా మందు టైఫాయిడ్‌కు పనిచేయదు. డెంగ్యూ వైరసు వలన వచ్చేది. దాని మీద ఏ యాంటీబయాటిక్ మందూ పనిచేయదు, నీరు ఒంటికి అందేటట్టు చూచుకొంటూ రోగిని కనిపెట్టి ఉండాలి. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అనే బిళ్ళ త్వరగా గుణమిస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతింటవి. పురుగు కుట్టిన చోట కొందరికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పక్కు కట్టుతుంది. దానిని ఎవరూ చూడకపోతే రోగము చేయి దాటిపోతుంది.

మరి మనము చేసేదేమి? సాయంత్రము ఆర్.ఎం.పి. డాక్టరుగారు వస్తారు. ఒక సూది, ఒక సెలైను సీసా, మూడు రంగుల బిళ్ళలు ఇస్తారు. ఆయనను తప్పుపట్టడము నా ఉద్దేశము కాదు. అర్ధరాత్రి పిలిచినా వచ్చేది ఆయనే. కాని రోగమును చూపే సాధనము ఆయన సంచిలో లేదు, ఊహ ఒక్కటే ఉన్నది. ఊహ సరిపోతే మేలు. సరిపోకపోతే నాలుగు రోజులు గడిచిన తరువాత రేపల్లెకో, తెనాలికో, గుంటూరు పెద్దాసుపత్రికో పరుగెత్తుతాము.

పరీక్షలు లేకపోలేదు. రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూచి మలేరియాను గుర్తుపడతారు. తెమడను చూచి క్షయను గుర్తుపడతారు. 1882లో రాబర్ట్ కాక్ అనే జర్మను డాక్టరు క్షయ క్రిమిని చూపిన నాటినుండి ఈ పద్ధతి ఉన్నది. రక్తములోని క్రిములను పాత్రలో పెంచి చూచే కల్చరు పరీక్ష నమ్మదగినదే గాని దానికి దినములు పడుతుంది. క్షయ క్రిమికైతే వారములు పడుతుంది. మన ఊళ్ళలో అందరికీ తెలిసినది విడాల్ పరీక్ష. ఇది 1896 నాటిది. ఇది క్రిమిని చూపదు. క్రిమి మీద మన శరీరము చేసిన ఎదురుదాడి గుర్తులను చూపుతుంది. వెనుక ఎప్పుడో వచ్చిన జ్వరమునకు గాని, వేయించుకొన్న టీకాకు గాని ఆ గుర్తులు మిగిలి ఉండవచ్చును. అందుచేత ఒక్కసారి చేసిన విడాల్ పరీక్ష చూచి టైఫాయిడ్ అని తేల్చుట క్షేమము కాదు.

రొయ్య పిల్లకు పరీక్ష, ఇంటి పిల్లకు ఊహ

రోగము తెలియక ముందే మందు వేస్తే ఏమవుతుందో మన రొయ్యల రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1994-95 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు మన కోస్తా చెరువులను ఊడ్చివేసినది. అది వైరసు. చెరువులో ఎన్ని మందుల బస్తాలు పోసినా వైరసు చావదు. అప్పులు మిగిలినవి, చెరువులు ఎండినవి. ఆ దెబ్బతో రైతు ఒక సంగతి నేర్చుకొన్నాడు. హేచరీ నుండి పిల్లను తెచ్చి చెరువులో వదలక ముందే పి.సి.ఆర్. పరీక్ష చేయించాలి. 2009లో వనామీ రొయ్య మన దేశములోనికి వచ్చిన తరువాత కూడ ఈ అలవాటు పోలేదు. "పి.సి.ఆర్. చేయించిన పిల్లేనా?" అని అడగకుండ సీడు కొనే రైతు నేడు అరుదు.

రెండవ సంగతి కూడ రైతు నేర్చుకొన్నాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులు రొయ్యలలో మిగిలి ఉన్నవని తేలితే సముద్రము దాటిన సరుకును కూడ తిప్పి పంపుతారు. ఆ మందులను చెరువులలో వాడరాదని నిషేధమే ఉన్నది.

సహోదరులారా, ఆలోచించండి. రూపాయి లోపు ఖరీదు చేసే రొయ్య పిల్లను పరీక్ష లేకుండ చెరువులో వదలము. మన కడుపున పుట్టిన పిల్లకు మాత్రము పరీక్ష లేకుండ మందుల షాపులో అడిగి బలమైన యాంటీబయాటిక్ బిళ్ళ వేస్తాము. రెండు రోజులకు జ్వరము తగ్గితే మిగిలిన బిళ్ళలు గూటిలో దాచి వచ్చే ఏడు ఇంకొకరికి వేస్తాము. చావక మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండ తయారవుతవి. మందులకు లొంగని క్రిముల వలన 2019వ సంవత్సరములో ప్రపంచమంతట పన్నెండు లక్షల డెబ్బదివేల మంది చనిపోయినట్లు పెద్ద పరిశోధన ఒకటి 2022లో లెక్కగట్టినది. కాబట్టి త్వరగా, చవకగా, దగ్గరలో రోగమును తెలుసుకొనే సాధనము కోసము లోకమంతా వెదకుచున్నది. ఆ వెదకులాటలో పుట్టినదే నేటి మన అంశము.

కృత్రిమ కణమనగా ఏమి?

మన శరీరము కణములతో కట్టబడినది. క్రిమి అయితే ఒక్క కణమే. కణమును ఒక చిన్న ఇల్లు అనుకొనండి. చుట్టూ క్రొవ్వుతో చేసిన పలుచని గోడ ఉన్నది. లోపల డి.ఎన్.ఎ. అనే వ్రాతపుస్తకము ఉన్నది. ఆ వ్రాతను చదివి ప్రోటీనులను తయారుచేసే రైబోసోములు అనే పనివాండ్రు ఉన్నారు. వారికి శక్తినిచ్చే ఇంధనము ఉన్నది. గోడ బయట ఏదైనా కొత్త పదార్థము తగిలితే కణము పసిగట్టి దానికి తగిన పని చేస్తుంది. ఈ పసిగట్టే గుణమునే శాస్త్రజ్ఞులు అరువు తెచ్చుకోవాలనుకొన్నారు.

ఇది ఒక్కరోజులో పుట్టిన ఆలోచన కాదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో థామస్ చాంగ్ అనే విద్యార్థి 1957లో రక్తములోని హీమోగ్లోబిన్‌ను పలుచని పొర లోపల పెట్టి "కృత్రిమ కణము" అన్నాడు. 1960 దశకములో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ అనే శాస్త్రజ్ఞుడు క్రొవ్వు పదార్థమును నీటిలో కలిపితే అది తనంతట తానే బుడగలుగా కట్టుకొంటుందని చూపాడు. కోడిగ్రుడ్డు సొనలో, సోయాలో దొరికే లెసిథిన్ వంటి క్రొవ్వు ఇటువంటిదే. దాని అణువునకు ఒక కొన నీటిని కోరుతుంది, మరొక కొన నీటిని రోస్తుంది. అందుచేత అవి రెండు వరుసలుగా నిలిచి గోడ కట్టుకొంటవి. జీవకణపు గోడ కూడ ఇటువంటిదే.

ఇక లోపలి పనివాండ్ర సంగతి. 1961లో అమెరికాలో నైరెన్‌బర్గ్, మత్తాయ్ అనే ఇద్దరు క్రిములను నలిపి రసము తీశారు. ఆ రసములో జీవించే క్రిమి ఒక్కటీ లేదు. అయినను వ్రాతను అందించగానే ఆ రసము ప్రోటీనును తయారుచేసింది. ఇల్లు పడిపోయినా పనివాండ్రు పని మానలేదన్నమాట. జన్యువుల భాషను చదివినందుకు నైరెన్‌బర్గ్‌కు, మన దేశములో పుట్టిన హరగోవింద ఖొరానాకు, హాలీ అనే మరొక శాస్త్రజ్ఞునికి కలిపి 1968లో నోబెల్ బహుమానము వచ్చింది. 2001లో టోక్యోలోని శాస్త్రజ్ఞులు ఇంకొక మెట్టు ఎక్కారు. రసమునకు బదులు, ప్రోటీను తయారీకి కావలసిన ఒక్కొక్క భాగమును విడిగా శుద్ధిచేసి, లెక్క ప్రకారము కలిపి పని చేయించారు.

ఇక్కడ తెలుగువారము గర్వింపదగిన సంగతి ఒకటి ఉన్నది. టోక్యో వారి మిశ్రమములో ఇంధనము ఎ.టి.పి. అనే పదార్థము. అది తరిగిపోకుండ మరల మరల నింపడానికి ఫాస్ఫోక్రియాటిన్ అనే రెండవ పదార్థమును వేస్తారు. ఈ రెండింటినీ హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఒకటి, 1929లో ఒకటి బయటపెట్టినవాడు 1895లో భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు పెద్దగా ఉండగా ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. స్క్రబ్ టైఫస్‌కు వాడే డాక్సీసైక్లిన్ ఆ వంశములోనిదే. బోదకాలు జబ్బుకు వాడే హెట్రజాన్ కూడ ఆయన పరిశోధనశాల నుండి వచ్చినదే. రోగమును చంపే మందులోను, రోగమును చూపే కణములోను ఒక్క తెలుగువాని చేయి ఉన్నదని మన పిల్లలకు చెప్పాలి.

2004లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయములో విన్సెంట్ నోయిరో, ఆల్బర్ట్ లిబ్‌షాబర్ అనే ఇద్దరు ఈ రెండు దారులను కలిపారు. క్రొవ్వు బుడగ లోపల క్రిముల రసమును నింపారు. బుడగ గోడలో సన్నని రంధ్రములు పడే ఏర్పాటు చేసి, బయటినుండి ఆహారము అందేటట్టు చేశారు. ఆ బుడగ నాలుగు రోజుల దాక ప్రోటీనును తయారు చేస్తూ ఉన్నది. ఇటువంటి బుడగనే నేడు కృత్రిమ కణమంటారు. దాని పరిమాణము మిల్లీమీటరులో వందవ వంతు, లేక అంతకన్న తక్కువ.

గాలము, బెండు

ఈ బుడగ రోగమును ఎట్లు కనిపెడుతుంది? మన వృత్తిలోని పోలికే చెబుతాను. గాలము నీటి అడుగున ఉంటుంది, కంటికి కనబడదు. నీటి మీద బెండు తేలుతూ ఉంటుంది. చేప గాలమును పట్టగానే బెండు మునుగుతుంది. మనము బెండును చూచి చేపను తెలుసుకొంటాము. కృత్రిమ కణములో గాలముగా ఒక ప్రోటీను ఉంటుంది. అది ఒక్క రకపు రోగక్రిమి విడిచే పదార్థమునే పట్టుకొంటుంది. పట్టుకొన్న వెంటనే డి.ఎన్.ఎ.లో ఒక మీట తెరుచుకొంటుంది. ఆ మీట తెరిస్తే బెండు వంటి మరొక ప్రోటీను తయారవుతుంది. అది ఆకుపచ్చగా మెరవవచ్చును, లేక పసుపు రంగును ఊదా రంగుగా మార్చవచ్చును. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీను మొదట దొరికినది ఒక రకము జెల్లీ ఫిష్‌లో. దానిని కనుగొని, అభివృద్ధి చేసిన ముగ్గురికి 2008లో నోబెల్ బహుమానము వచ్చింది.

గాలము ఎక్కడ దొరికినది? అది కూడ సముద్రములోనే. సముద్రములో విబ్రియో అనే జాతి క్రిములు ఉన్నవి. వాటిలో కొన్ని చీకటిలో వెలుగుతవి. అయితే ఒంటరిగా ఉన్నప్పుడు వెలుగవు, గుంపు పెరిగినప్పుడే వెలుగుతవి. ఎందుకని? ప్రతి క్రిమి ఒక చిన్న రసాయనమును నీటిలోనికి విడుస్తుంది. గుంపు పెరిగిన కొలది ఆ రసాయనము చిక్కబడుతుంది. ఒక హద్దు దాటగానే అన్ని క్రిములు ఒకేసారి దీపము వెలిగిస్తవి. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ప్రకటించారు. ఇది క్రిముల మాట అనవచ్చును. తరువాత చూడగా, రోగము కలిగించే అనేక క్రిములకు ఇటువంటి మాట ఉన్నదని తెలిసింది.

ఈ విబ్రియోలలో హార్వీ అనే రకము మనకు పరాయిది కాదు. హేచరీలలో పనిచేసిన మన యౌవనులు రాత్రివేళ తొట్టిలో రొయ్య పిల్లలు మెరవడము, తెల్లవారేసరికి చచ్చి అడుగుకు చేరడము ఎరుగుదురు. ఆ మెరుపు ఈ క్రిమిది. 2017లో ఇటలీలో షెరెఫ్ మాన్సీ అనే శాస్త్రజ్ఞుని బృందము, క్రిముల మాటను విని తిరిగి బదులు చెప్పే కృత్రిమ కణములను తయారుచేసింది. వారు మాట కలిపిన క్రిములలో ఈ హార్వీ కూడ ఉన్నది. జీవము లేని బుడగ జీవమున్న క్రిమి మాట విన్నదన్నమాట.

అదే 2017లో లండనులోని ఇంపీరియల్ కళాశాల వారు ఈ పద్ధతిని రోగుల దగ్గరకు తెచ్చారు. సూడోమోనాస్ అనే క్రిమి ఉన్నది. కాలిన గాయములలో, జబ్బు చేసిన ఊపిరితిత్తులలో, ఆసుపత్రిలో చాలా రోజులున్న వారిలో చేరి చాలా మందులకు లొంగక ప్రాణము తీస్తుంది. ఆ క్రిమి మాటను పట్టే గాలమును కణరసములో పెట్టి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి తెమడ మీద ప్రయోగించి చూచారు. క్రిమిని పాత్రలో పెంచే పని లేకుండ, అది విడిచిన రసాయనమును బట్టియే దానిని గుర్తింపవచ్చునని చూపారు.

ఎండుచేప వంటి పరీక్ష

ప్రయోగశాలలో జరిగినది రేవు దాక రావాలంటే ఫ్రిజ్ లేకుండ నిలువ ఉండాలి. మన ఎండలో ఇది చిన్న సంగతి కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన జ్ఞాపకమున్న పెద్దలు ఇక్కడ ఉన్నారు. దారులు తెగి, కరెంటు పోయిన అటువంటి దినములలోనే అంటురోగముల భయము ఎక్కువ. ఫ్రిజ్‌లో దాచవలసిన పరీక్ష ఆ దినమున ఎందుకు పనికివస్తుంది?

దీనికి దొరికిన ఉపాయము మన ఆడవారికి తెలిసినదే. పచ్చిచేప పూటకే చెడుతుంది, ఎండుచేప నెలల తరబడి ఉంటుంది. నీరు తీసివేస్తే చెడుపు ఆగుతుంది. 2014లో అమెరికాలో కీత్ పార్డీ, జేమ్స్ కాలిన్స్ అనువారు కణరసమును గడ్డకట్టించి, గాలి లాగివేసి, కాగితపు ముక్క మీద పొడిగా ఎండబెట్టారు. ఎండలో పెడితే అది చెడిపోతుంది గనుక చలిలోనే నీరు తీశారు. ఆ కాగితము గది వేడిలో సంవత్సరము దాక పాడుకాకుండ ఉన్నది. నీటిచుక్క వేయగానే పని మొదలుపెట్టింది. 2016లో జికా వైరసు వ్యాపించినప్పుడు ఇదే పద్ధతితో ఆ వైరసును గుర్తించే కాగితమును చేసి చూపారు. 2021లో ముఖమునకు కట్టుకొనే మాస్కులో ఈ పొడిని అమర్చి, ఊపిరిలోని కోవిడ్ వైరసును గంటన్నరలో చూపే ప్రయత్నము కూడ చేశారు.

మన దేశము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2020లో ఢిల్లీలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో దేబోజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతి అనువారు "ఫెలూడా" అనే కాగితపు పట్టీ పరీక్షను కోవిడ్‌కు తయారుచేశారు. అది కృత్రిమ కణము కాదు గాని, కణములోని భాగమును బయటికి తీసి రోగము కనిపెట్టించుటలో దానికి దగ్గర చుట్టము. అదే సంవత్సరము హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారు ముక్కు పుల్లను ద్రవములో ముంచకుండ పొడిగానే పంపి పరీక్షించే సులువైన పద్ధతిని తెచ్చారు.

ఇంకా తీరని చిక్కులు

ఇంతవరకు విని, రేపే రేపల్లె మందుల షాపులో దొరుకుతుందని అనుకోవద్దు. కృత్రిమ కణముతో రోగనిర్ణయము నేటికీ ప్రయోగశాలలోనే ఉన్నది. చిక్కులు ఉన్నవి. మొదటిది ఉప్పు. చేపకు ఉప్పు పట్టిస్తే లోపలి నీరు బయటికి వస్తుంది గదా. అట్లే రక్తములో, చెమటలో, చెరువు నీటిలో ఉప్పు తేడా ఉంటే బుడగ ముడుచుకొంటుంది, లేక ఉబ్బి పగులుతుంది. రెండవది గోడ. గట్టిగా ఉంటే క్రిమి విడిచిన పదార్థము లోపలికి పోదు. పలుచగా ఉంటే లోపలి సామాను కారిపోతుంది. మూడవది మొదటి దినముల సంగతి. అప్పుడు క్రిములు కొద్దిగా ఉంటవి, వాటి మాట కూడ సన్నగా ఉంటుంది. ఆ సన్నని మాట వినగలిగితేనే పరీక్షకు విలువ. నాలుగవది ఖర్చు.

అయితే గోడ ఉండడమే మేలైన చోట్లు ఉన్నవి. మురికి నీటిలో, తెమడలో కణరసమును చెడగొట్టే పదార్థములు ఉంటవి. గోడ వాటిని ఆపుతుంది. 2023లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము వారు నీటిలోని ఫ్లోరైడును పసిగట్టే మీటను బుడగలో పెట్టి, గోడ అట్లు కాపాడుతుందని చూపారు. ఇది అంటురోగము కాదు. కాని ఫ్లోరైడు నీటితో నల్గొండ వారు, ప్రకాశము జిల్లా వారు పడిన బాధ తెలిసిన మనకు దాని విలువ తెలుస్తుంది.

ఇది జీవమును సృజించుటయా?

మన సంఘములో ఈ ప్రశ్న తప్పక వస్తుంది, రావలసినదే. మనుష్యుడు కణమును చేశాడంటే ప్రాణము పోశాడనియా? కాదు. ఈ బుడగ తినదు, ఎదుగదు, పిల్లలను కనదు, ఇంధనము అయిపోగానే ఆగిపోతుంది. దానిలోని పనివాండ్రు, మీట, మెరుపు అన్నీ సజీవములైన ప్రాణులనుండి తెచ్చుకొన్నవి, లేక వాటిని చూచి చేసినవి. ఇది సృజించుట కాదు, అరువు తెచ్చుకొనుట. అది పెరుగదు గనుక బయటపడి వ్యాపిస్తుందనే భయము లేదు. క్రిములను మార్చి సాధనములుగా వాడుటకంటె ఇది క్షేమమని శాస్త్రజ్ఞులు దీనిని కోరుటకు ఇదొక కారణము.

అయినను హద్దు లేదని నేననను. తనంతట తాను పెరిగే కణమును చేయవలెనని ప్రయత్నించువారు ఉన్నారు. 2024 డిసెంబరులో కొందరు పెద్ద శాస్త్రజ్ఞులే ఒక రకపు కృత్రిమ క్రిములను చేయవద్దని లోకమును హెచ్చరించారు. సాధనము ఒకటి, ప్రాణి ఒకటి. ఆ రెండింటి తేడాను కనిపెట్టి ఉండుట శాస్త్రజ్ఞులకే కాదు, మనకు కూడ పనియే.

ఫలితము ఎవరిది?

చివరి మాట పరీక్షను గూర్చి కాదు, మనలను గూర్చి. లేవీయకాండము పదమూడవ అధ్యాయములో యాజకుడు చర్మము మీది మచ్చను చూస్తాడు. అనుమానముంటే వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఆగి మరల చూస్తాడు. తొందరపడి ఒకని పాళెము వెలుపలికి పంపకూడదు అనే జాగ్రత్త అందులో ఉన్నది. రోగము పేరు చెప్పుట అంటే మనిషిని లోపల ఉంచుటయో, వెలుపల పెట్టుటయో అవుతుంది. నేడు కూడ అంతే. తెమడలో క్షయ అని తేలితే ఇంటివారే పళ్ళెము వేరు చేస్తారు. ఆడపిల్లకైతే సంబంధము తప్పిపోతుంది. కూలివానికైతే బోటు మీద చోటు పోతుంది. ఆ భయముతోనే దగ్గును చేతిరుమాలులో దాచుకొని తిరిగేవారు మన వరుసలలో కూర్చుండి ఉన్నారు.

రంగు మారే కాగితము గడప దగ్గరకు వచ్చినప్పుడు మేలుతో పాటు ఈ చిక్కు కూడ వస్తుంది. ప్రయోగశాల ఫలితము కవరులో వస్తుంది. కాగితపు రంగును ప్రక్కింటివారు కూడ చూడగలరు, యజమాని కూడ చూడగలడు. పరీక్ష ఎంత దగ్గరకు వస్తే నోటికి అంత కాపలా కావాలి. శాస్త్రజ్ఞులు క్రిమి మాటను వినే కణమును చేయగలరు. విన్న మాటను దాచే మనుష్యులను వారు చేయలేరు. ఆ పని సంఘముది.

కాబట్టి కృత్రిమ కణము వచ్చేదాక ఆగనక్కరలేదు. నేడే చేయగలిగినవి ఉన్నవి. జ్వరము వచ్చినప్పుడు "ఏ మందు?" అని కాక "ఏ పరీక్ష?" అని మొదట అడగండి. రెండు వారములు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి. మన దేశములోనే చేసిన ట్రూనాట్ అనే చిన్న యంత్రము బ్యాటరీ మీద నడిచి సుమారు గంటలో క్షయను చూపుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ దానిని ఒప్పుకొన్నది. ప్రభుత్వ కేంద్రములలో క్షయ పరీక్ష, మందు ఉచితము. మందు మొదలుపెడితే మామూలు క్షయకు ఆరు నెలలు, డాక్టరు చెప్పినన్నాళ్ళు, మధ్యలో మానకుండ వాడండి. మిగిలిన బిళ్ళలు గూటిలో దాచవద్దు. చెరువుల రైతులు వైరసు తెగులుకు యాంటీబయాటిక్ పోయవద్దు; ఆ నీరు మరల కాలువలోనికే వస్తుంది. యౌవనులలో చదువుకొనేవారు ఈ శాస్త్రమును చదవండి. ఉప్పునీటిలో, మన ఎండలో పగలని బుడగను చేయవలసినవారు ఆ ఉప్పునీటి ఒడ్డున పుట్టినవారైతే మరీ మంచిది.

స్త్రీల కూటమి పెద్దలకు ఒక మనవి. ఈ నెలలో ఎవరి ఇంట్లో దగ్గు ఆగలేదో మీకు తెలుసు. వారిని నలుగురిలో అడగవద్దు. ఒకరు వెళ్ళి తలుపు దగ్గర కాక లోపల కూర్చుండి మాట్లాడండి. ఆసుపత్రికి వారితోపాటు వెళ్ళండి. ఫలితము ఏదైనా సరే, తిరిగివచ్చేటప్పుడు వారితోపాటే రండి, వారింట ఒక గ్లాసు నీరు త్రాగి రండి.